అద్దెగది హక్కు: బొంబాయి పాత పేటల పునర్నిర్మాణ చరిత్ర

హిజ్రీ 17వ సంవత్సరంలో (క్రీ.శ. 638) మక్కా నగరానికి పెద్ద వరద వచ్చింది. నీరు కాబా ఆవరణంలోకి చొచ్చుకువచ్చి మఖామె ఇబ్రాహీం శిలను దాని చోటు నుండి కదిలించివేసింది. ఆ వార్త విని ద్వితీయ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) మదీనా నుండి వచ్చి శిలను తిరిగి నిలిపించారు. యాత్రికుల రద్దీకి మస్జిదె హరాం ఆవరణం చాలకపోవడం గమనించి దానిని విస్తరింపజేయ సంకల్పించారు. మస్జిదు చుట్టూ ఇళ్లు ఒకదానినొకటి ఆనుకొని ఉండేవి. వాటిలో కొన్నింటిని కొని పడగొట్టించారు. అమ్మడానికి ఒప్పుకోనివారి ఇళ్లను కూడా పడగొట్టించారు గాని, వాటి వెలను కాబా ధనాగారంలో వారి పేరిట ఉంచారు. తరువాత వారు వచ్చి ఆ సొమ్ము తీసుకున్నారని చరిత్రకారులు చెబుతారు.

హి.శ. 26లో తృతీయ ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) మళ్లీ విస్తరణకు పూనుకున్నప్పుడు ఇంటివారు కొందరు గట్టిగా కేకలు వేసి నిరసన తెలిపారు. ఇదే పని ఉమర్ (రజి) చేసినప్పుడు నోరెత్తని మీరు నా మెతకదనాన్ని చూసి ధైర్యం చేస్తున్నారని ఖలీఫా వారిని మందలించి, చెరలో పెట్టించారు. పెద్దల సిఫారసు మీద వారిని విడిచిపెట్టారు. ఈ వృత్తాంతాన్ని బలాజురీ, తబరీ ఇద్దరూ నమోదు చేశారు.

మదీనాలో జరిగినది మరొక విధంగా ఉంది. అక్కడ దైవప్రవక్త (స) మస్జిదు విస్తరణకు ఆయన పినతండ్రి హజ్రత్ అబ్బాస్ (రజి) ఇల్లు అడ్డు వచ్చింది. అబ్బాస్ (రజి) అమ్మనన్నారు. ఖలీఫా ఉమర్ (రజి), అబ్బాస్ (రజి) ఇద్దరూ కలిసి హజ్రత్ ఉబై బిన్ కఅబ్ (రజి)ను మధ్యవర్తిగా ఎన్నుకున్నారు. యజమాని ఇష్టం లేకుండా తీసుకున్న స్థలంలో దైవగృహం కట్టడం దావూద్ ప్రవక్తకు కూడా అనుమతింపబడలేదన్న వృత్తాంతాన్ని ఉబై (రజి) వినిపించి, అబ్బాస్ (రజి) పక్షాన తీర్పు చెప్పారు. తీర్పు తన వైపు వచ్చిన పిమ్మట అబ్బాస్ (రజి) ఆ ఇంటిని ప్రజల కొరకు ఉచితంగా ఇచ్చివేశారు.

మక్కాలో వెల ముందుగా నిర్ణయించి, ఇల్లు తీసుకున్నారు. మదీనాలో పాలకుడు కూడా వాదిగా మధ్యవర్తి ముందు నిలబడ్డాడు. తరువాతి ధర్మశాస్త్రకారులు ఈ రెంటినీ ఆధారం చేసుకొని ప్రజావసరానికి ఇల్లు తీసుకోవచ్చునా, ఏ షరతులపై తీసుకోవాలి అన్న చర్చ సాగించారు. 1869-1876 మధ్య ఉస్మానియా సామ్రాజ్యంలో వెలువడిన 'మజల్లా' అనే పౌరస్మృతిలో 1216వ సూత్రం దీనికి స్థిరరూపం ఇచ్చింది. దాని సారం ఏమనగా, అవసరమైనప్పుడు సుల్తాను ఆజ్ఞపై ఒకరి ఆస్తిని తగిన వెలకు తీసుకొని రహదారిలో కలుపవచ్చును. కాని వెల చేతికి అందేవరకు ఆస్తిని వారి వద్దనుండి తీసుకొనరాదు.

ఈ ఉదంతాలన్నింటిలోనూ ప్రశ్న యజమాని గురించే. ఆ ఇళ్లలో అద్దెకు ఉన్నవారెవరైనా ఉంటే వారి సంగతేమిటన్నది ఎక్కడా రాలేదు. ఏడవ శతాబ్దపు మక్కాలో అది పెద్ద ప్రశ్న కాకపోవచ్చు. కాని ఒక మేడలో యజమాని ఒక్కడు, అద్దె కుటుంబాలు నలభై ఉండే ఆధునిక నగరంలో ఆ ప్రశ్నే ప్రధానమవుతుంది. భారతదేశంలో ఈ మార్పును స్పష్టంగా చూపగల నగరం బొంబాయి. అక్కడి పాత పేటలను, ముఖ్యంగా ముస్లింలు అధికంగా నివసించే డోంగ్రీ, భేండీ బజార్, నాగ్‌పాడా ప్రాంతాలను బాగుచేయడానికి నూట ఇరవై అయిదేండ్లకు పైగా ప్రయత్నాలు జరుగుతూనే ఉన్నవి. ప్రతి ప్రయత్నంలోనూ ఇరుగుపొరుగుల మధ్య తగాదా వచ్చింది. ఆ తగాదాలు దేనికోసమో తెలిస్తే, పథకాలు ఎక్కడ తప్పాయో కూడా తెలుస్తుంది.

పేటలు, వాటి ప్రజలు

బొంబాయి కోటకు ఉత్తరాన పెరిగిన పట్టణంలో ఒక్కొక్క సమాజం ఒక్కొక్క మొహల్లాలో స్థిరపడింది. షాఫయీ సంప్రదాయానికి చెందిన కొంకణీ ముస్లింలు, కచ్ఛ్ నుండి వచ్చిన హనఫీ మేమన్లు, ఇస్మాయిలీ శాఖలైన బోహ్రాలు, ఖోజాలు, ఉత్తర హిందూస్థానం నుండి వచ్చిన జులాహా నేతకారులు - వీరందరివి వేరువేరు ధర్మశాస్త్రాలు, వేరువేరు భాషలు, వేరువేరు జమాతులు. కాని కింద దుకాణం, పైన గదుల వరుస, ఒక్క నీటి కుళాయి, ఒక్క మెట్లదారి గల ఇంటి అమరిక మాత్రం అందరికీ ఉమ్మడిది.

ఈ పేటల పక్కనే కామాఠీపుర ఉంది. నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతాల నుండి కూలికి వెళ్లిన తాపీ పనివారిని, మట్టిపని వారిని బొంబాయిలో 'కామాఠీలు' అని పిలిచేవారు. ఆ పేరే పేటకు నిలిచింది. బొంబాయి దీవుల నడుమ ఉప్పునీటి పల్లాలను పూడ్చడంలోను, రోడ్లు, మేడలు కట్టడంలోను ఈ తెలుగు కూలీల శ్రమ ఎంతో ఉన్నది. తరువాతి కాలంలో కరీంనగర్, నల్లగొండ వైపు నుండి వెళ్లిన పద్మశాలీలు బొంబాయి నూలు మిల్లులలో చేరారు. కనుక బొంబాయి అద్దెగదుల చరిత్రలో తెలుగువారి పాలు కూడా కలదు.

ప్లేగు, ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు

1896లో మాండ్వీ పేటలో ప్లేగు బయటపడింది. గాలి వెలుతురు లేని కిక్కిరిసిన ఇళ్లే వ్యాధికి మూలమని ప్రభుత్వం భావించింది. ప్లేగు అదుపు పేరిట తనిఖీ బృందాలు ఇళ్లలో జొరబడడం, రోగులను బలవంతంగా ఆసుపత్రులకు తరలించడం ప్రజలకు భీతి కలిగించినవి. 1898 మార్చి 9న మదన్‌పురాలో జులాహా నేతకారులు అట్టి ఒక బృందాన్ని అడ్డుకోగా, ఆ గొడవ నగరంలోని ఇతర భాగాలకు పాకి ప్రాణనష్టానికి దారితీసింది. అధికారులు 'మెరుగుదల' అన్న మాట పలికినప్పుడల్లా పేటవాసులు సందేహించడానికి ఈ అనుభవం ఒక కారణం.

అదే సంవత్సరం శాసనం ద్వారా బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ఏర్పడింది. ఇరుకు ఇళ్లను స్వాధీనం చేసుకొని పడగొట్టడం, గాలి వచ్చేలా వెడల్పు రోడ్లు వేయడం, కొత్త స్థలాలు తీర్చడం, కార్మికులకు వసతి కట్టడం దాని పనులు. నాగ్‌పాడా పేటతో పని మొదలైంది. ప్రిన్సెస్ స్ట్రీట్, శాండ్‌హర్స్ట్ రోడ్డు, మహమ్మద్ అలీ రోడ్డు ట్రస్టు పనులలోనివే. నగరానికి ఉత్తరాన దాదర్-మాటుంగా ప్రాంతంలో తీర్చిన కొత్త స్థలాలు కాలక్రమేణ మధ్యతరగతి ఉద్యోగుల నివాసాలైనవి.

ఈ పనులపై పేటలు ఒకే మాట మీద లేవు. ఇల్లు పూర్తిగా పోయే యజమాని ఎక్కువ పరిహారం కోసం పోరాడేవాడు. శాసనంలో వీరి కోసం అప్పీలు ట్రిబ్యునలు ఏర్పాటై ఉంది. కొత్త రోడ్డుకు ముఖంగా ఇల్లు మిగిలిన యజమానికి మాత్రం స్థలం విలువ పెరిగేది. ఇంటి వెలను అది తెచ్చే అద్దెను బట్టి కట్టడం వలన, గది ఎంత కిక్కిరిసి ఉంటే యజమానికి అంత లాభం కలిగే విపరీతం కూడా చోటు చేసుకుంది. మూడవవాడైన అద్దెదారుకు ట్రిబ్యునలు లేదు, పరిహారమూ లేదు. అతనికి అందేది ఖాళీ చేయమనే నోటీసు మాత్రమే.

తత్ఫలితంగా ట్రస్టు ఆశించినదానికి విరుద్ధమైనది జరిగింది. తొలి సంవత్సరాలలో పడగొట్టిన గదులతో పోలిస్తే కొత్తగా కట్టినవి తక్కువ. కట్టిన చాల్‌ల అద్దె కూడా నిరుపేద కూలీకి అందలేదు. పని చోటును, రేవును విడిచి దూరం పోలేని వారు పక్క పేటలోనే మరొక ఇరుకు గదిలో దూరారు. ఒక పేటలో గాలి వచ్చేలా చేస్తే, పొరుగు పేటలో ఊపిరాడకుండా పోయింది. పక్క పేటల వారు కూల్చివేతలను వ్యతిరేకించడానికి ఇది కూడా కారణమే. తమ ఇళ్లు పోకపోయినా తమ మెట్లదారిలో మనుషులు రెట్టింపయ్యేవారు.

1909 తరువాత ట్రస్టు అధ్యక్షుడైన జె.పి. ఆర్ ఈ చిక్కును గుర్తించినవారిలో ముఖ్యుడు. మొత్తం పేటను కూల్చే బదులు, ప్రతి గదికీ ఆకాశపు వెలుతురు తగిన కోణంలో పడేట్లు ఇళ్ల మధ్య దూరం పాటించాలన్న 63½ డిగ్రీల నియమాన్ని ఆయన ప్రచారం చేశాడు. అవసరమైన మేరకే కొట్టివేసి మిగిలిన ఇంటిని బాగుచేయడం ఆయన పద్ధతి. పేటలోని వారిని పేటలోనే ఉంచి బాగుచేయవచ్చునన్న ఆలోచన అప్పటికే ఉన్నదనడానికి ఇది నిదర్శనం. 1933లో ట్రస్టు బొంబాయి నగరపాలక సంస్థలో విలీనమైంది.

కాన్పూరు ఉదంతంతో పోలిక

ఇదే కాలంలో కాన్పూరులో జరిగిన ఒక సంఘటన ఇక్కడ ప్రస్తావించదగినది. 1913లో కొత్త రోడ్డు కోసం మఛ్లీ బజార్ మస్జిదులో వుజూ చేసే భాగాన్ని అధికారులు పడగొట్టారు. ఆగస్టు 3న అక్కడ చేరిన ముస్లిం ప్రజలపై పోలీసులు కాల్పులు జరిపారు, పలువురు మరణించారు. దేశమంతటా ఆందోళన చెలరేగింది. చివరకు వైస్రాయి హార్డింజ్ అక్టోబరులో స్వయంగా కాన్పూరు వచ్చి, కింద దారి ఉండేట్లు, పైన ఆ భాగం తిరిగి కట్టుకొనేట్లు రాజీ కుదిర్చాడు.

మస్జిదు గోడ విషయంలో సమాజం యావత్తు ఒక్కటై నిలిచింది. రోడ్డు పథకం మారింది. అదే సంవత్సరాలలో బొంబాయిలో వేల కుటుంబాలు గదులు కోల్పోయినప్పుడు అట్టి ఐక్యత రాలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. మస్జిదు విషయంలో మొహల్లా అంతటికీ ప్రయోజనం ఒక్కటే. గది విషయంలో యజమాని, అద్దెదారు, దుకాణదారు ఒకే జమాతుకు చెందినవారైనా ప్రయోజనాలు వేరు. జమాతు పెద్దలు సాధారణంగా ఇళ్ల యజమానులే కావడం మరొక కారణం. 'ముస్లిం పేటల అభ్యంతరం' అని స్థూలంగా రాసే చరిత్ర ఈ లోపలి భేదాన్ని కప్పిపుచ్చుతుంది.

పొరుగు హక్కు, అద్దె హక్కు

ధర్మశాస్త్రంలో పొరుగువారి హక్కు లేదని కాదు. 'షుఫా' అనే హక్కు ప్రసిద్ధమైనది. హనఫీ పండితుల ప్రకారం ఒక ఇల్లు అమ్మకానికి వచ్చినప్పుడు ముందుగా సహభాగస్వామికి, తరువాత దారి, నీరు మొదలైన వాటిలో భాగం ఉన్నవారికి, ఆ తరువాత ఆనుకొని ఉన్న పొరుగువారికి ఆ వెలకే దానిని కొనే హక్కు కలదు. షాఫయీలు దీనిని సహభాగస్వామికి పరిమితం చేశారు. హేమిల్టన్ 1791లో ప్రకటించిన 'హిదాయా' ఆంగ్లానువాదం ద్వారా ఈ సూత్రం బ్రిటిషు ఇండియా న్యాయస్థానాలకు చేరింది. 1962లో సుప్రీం కోర్టు, కేవలం పొరుగు అన్న ఒక్క ఆధారంపై షుఫా కోరడం అప్పటి రాజ్యాంగపు ఆస్తి స్వేచ్ఛకు విరుద్ధమని తీర్పు చెప్పింది. ఏమైనా షుఫా కోరాలంటే పొరుగువాడు కూడా యజమానే అయి ఉండాలి. నలభై ఏండ్లు అద్దెకు ఉన్నవాడు శాస్త్రరీత్యా ఆ అర్థంలో పొరుగువాడు కాడు.

'ఇజారా', అనగా అద్దె ఒప్పందం, గడువుతో ముగుస్తుంది. ఇల్లు కూలిపోతే రద్దవుతుంది. ఇట్టి బలహీనమైన హక్కును వ్యవహారం క్రమంగా బలపరిచింది. ఉస్మానియా కాలపు ఈజిప్టులో వక్ఫ్ దుకాణాలను బాగుచేయడానికి సొమ్ము పెట్టిన అద్దెదారుకు 'ఖులువ్' అనే నిలకడ హక్కు దక్కేది. దానిని అమ్మవచ్చును, వారసులకు ఇవ్వవచ్చును. 16వ శతాబ్దపు మాలికీ పండితుడు నాసిరుద్దీన్ లఖానీ ఇచ్చిన ఫత్వా దీనికి ఆధారంగా చెప్పబడుతున్నది. ఖులువ్ అన్న మాటకు ఖాళీ చేయడం అని అర్థం. ఖాళీ చేయడానికి ఇచ్చే సొమ్ము పేరే, ఖాళీ చేయించరాని హక్కుకు పేరైంది. బొంబాయిలో 'పగ్డీ' అన్న మాట కూడా ఇట్టిదే. తలపాగా అని అర్థమిచ్చే ఈ మాట, గదిలో చేరేటప్పుడు అద్దెదారు ఇచ్చే పెద్ద మొత్తానికి పేరైంది. చట్టం దీనిని చాలాకాలం ఒప్పుకోలేదు. 1999 నాటి మహారాష్ట్ర అద్దె నియంత్రణ శాసనం ఒప్పుకుంది. అద్దెదారు తన గదిని కేవలం అద్దె గదిగా చూడకపోవడానికి మూలం ఇందులో ఉన్నది. పగ్డీ ఇచ్చినవాడు సగం కొన్నట్లే భావించాడు.

అద్దె నియంత్రణ, దాని పర్యవసానం

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అద్దెలు విపరీతంగా పెరగడంతో 1918లో బొంబాయిలో అద్దె నియంత్రణ శాసనం వచ్చింది. 1920లో గవర్నరు జార్జి లాయిడ్ చొరవతో ఏర్పడిన బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంటు 50,000 గదులు కట్టాలని తలపెట్టి, సుమారు 16,000 వద్ద ఆగిపోయింది. వర్లీ, నాయ్‌గావ్, డెలైల్ రోడ్డు, సెవ్రీలలో వెలసిన 207 బి.డి.డి. చాల్‌లు ఇవే. ఒక్కొక్క గది సుమారు 160 చదరపు అడుగులు.

1947 అద్దె శాసనం అద్దెలను 1940 సెప్టెంబరు నాటి స్థాయికి కట్టివేసింది. దేశ విభజన, వలసల కాలంలో లక్షలాది కుటుంబాలను ఈ శాసనం వీధిన పడకుండా కాపాడింది. ఇది చిన్న మేలు కాదు. కాని ఏండ్లు గడిచేకొద్దీ ఆ అద్దె ఇంటి మరమ్మతు ఖర్చుకు కూడా చాలలేదు. యజమాని ఇంటిని పట్టించుకోవడం మానివేశాడు. అద్దెదారు, గది తనది కాదు గనుక, గోడకు సొమ్ము పెట్టలేదు. వానకాలంలో పాత ఇళ్లు కూలడం మొదలైంది. 1969లో ప్రభుత్వం మరమ్మతుల, పునర్నిర్మాణ బోర్డు కోసం శాసనం చేసి, పాత ఇళ్లపై సెస్సు విధించింది. అప్పుడు లెక్కకు వచ్చిన ఇళ్లు 19,642. అందులో 16,502 ఇళ్లు 1940 సెప్టెంబరుకు ముందు కట్టినవి. తరువాత ఈ పని 'మ్హాడా'గా పిలువబడే రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ చేతికి వచ్చింది.

1986లో మ్హాడా శాసనంలో చేర్చిన 8-ఏ అధ్యాయం ఈ చరిత్రలో పెద్ద మలుపు. సెస్సు కట్టే ఇంటిలో 70 శాతం నివాసులు కోరితే, ప్రభుత్వం ఆ ఇంటిని సేకరించి వారి సహకార సంఘానికి అప్పగించవచ్చును. యజమానికి ఇచ్చే వెల నూరు నెలల అద్దె. అద్దెదారు మాటకు శాసనంలో ఇంతటి బలం రావడం అదే మొదటిసారి. కాని వెల విషయంలో అన్యాయం దిక్కు మార్చుకుంది. దశాబ్దాల క్రితం నిలిపివేసిన అద్దెకు నూరు రెట్లు అంటే, నగర మధ్యంలోని స్థలానికి నామమాత్రపు సొమ్ము. యజమానుల సంఘం న్యాయస్థానానికి వెళ్లింది. 1991లో బొంబాయి హైకోర్టు శాసనాన్ని సమర్థించగా, వివాదం 1992లో సుప్రీం కోర్టుకు చేరి, చివరకు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ముందుకు వచ్చింది. 2024 నవంబరు 5న అధిక సంఖ్యాకుల తీర్పు వెలువడింది. రాజ్యాంగంలోని 39(బి) అధికరణం చెప్పే 'సమాజపు భౌతిక వనరులు' అన్న మాటలోకి ప్రతి ప్రైవేటు ఆస్తీ రాదని అందులో చెప్పబడింది. ఒక పాత ఇంటి మెట్లదారిలో మొదలైన తగాదా రాజ్యాంగపు పెద్ద ప్రశ్నగా మారడానికి ముప్పై రెండేండ్లు పట్టింది. ఆ కాలమంతా ఇళ్లు మరింత పాతబడుతూనే ఉన్నవి.

నూటికి డెబ్బైమంది అంగీకారం

1991 నాటి అభివృద్ధి నియమావళి మరొక మార్గం చూపింది. బిల్డరు పాత ఇంటిని పడగొట్టి అద్దెదారులకు సొంత హక్కుతో ఉచితంగా గదులు కట్టి ఇవ్వాలి. అందుకు ప్రతిఫలంగా అదే స్థలంలో అదనపు అంతస్తులు కట్టి బజారు ధరకు అమ్ముకోవచ్చును. దీనికి అప్పట్లో 70 శాతం నివాసుల అంగీకారం కావలసి ఉండేది. గుడిసెవాడల కోసం 1995లో వచ్చిన పథకం కూడా ఇదే సూత్రంపై నడిచింది. తరువాత, ఒక్కొక్క ఇల్లు కాక మొత్తం వీధుల సమూహాన్ని ఒక్కసారిగా తిరిగి కట్టే 'క్లస్టర్' నియమం వచ్చింది.

అంగీకారం అనే షరతు మంచిదే. కాని దానివలన తగాదా పోలేదు, స్థలం మార్చుకుంది. పూర్వం ప్రభుత్వానికీ యజమానికీ మధ్య ఉన్నది, ఇప్పుడు ఒకే మెట్లదారిలోని ఇరుగుపొరుగుల మధ్యకు వచ్చింది. పైఅంతస్తులో చిన్నగది ఉన్న కుటుంబానికి ఎంత త్వరగా కడితే అంత మేలు. కింద వీధి ముఖంగా దుకాణం ఉన్నవానికి రెండు మూడేండ్లు బేరం ఆగితే ఆ బేరం మళ్లీ రాదన్న భయం. పెద్ద గది ఉన్నవాడు అందరికీ ఒకే కనీస విస్తీర్ణం ఇస్తే ఒప్పుకోడు. అసలు అద్దెదారు వద్ద ఉప అద్దెకు ఉన్నవాడు, మంచం అద్దెకు తీసుకున్న కూలీ, కాలిబాటపై గుడిసె వేసుకున్నవాడు లెక్కలోకే రారు. కాలిబాటవాసుల విషయంలో 1985లో సుప్రీం కోర్టు, జీవనోపాధి జీవించే హక్కులో భాగమని అంగీకరిస్తూనే, నోటీసుతో తొలగింపును అనుమతించింది. గుడిసెవాసులకు 1995 జనవరి 1ని అర్హత తేదీగా పెట్టి తరువాత సడలించారు. ఏ తేదీ పెట్టినా దానికి మరునాడు వచ్చినవాడు ఒకడుంటాడు.

భేండీ బజార్

2009లో దావూదీ బోహ్రా సమాజ మతాధిపతి సయ్యద్‌నా ముహమ్మద్ బుర్హానుద్దీన్ చొరవతో సైఫీ బుర్హానీ అప్‌లిఫ్ట్‌మెంట్ ట్రస్టు ఏర్పడి, భేండీ బజార్ పునర్నిర్మాణం చేపట్టింది. విస్తీర్ణం 16.5 ఎకరాలు, సుమారు 250 ఇళ్లు, 3,200 కుటుంబాలు, 1,250 దుకాణాలు. ప్రతి కుటుంబానికి సొంత హక్కుతో కనీసం 350 చదరపు అడుగుల ఇల్లు, కట్టేంతవరకు తాత్కాలిక వసతి ఇవ్వాలని పథకం. 1898 పథకాలతో పోల్చితే ఇందులో రెండు పెద్ద భేదాలు గలవు. మొదటిది, అద్దెదారు తిరిగి అదే చోటికి వస్తాడు. రెండవది, పథకం నడిపేది లాభాపేక్ష గల బిల్డరు కాదు, ఒక ధార్మిక ట్రస్టు.

అయినప్పటికీ పని అనుకున్నంత వేగంగా సాగలేదు. వందలాది ఇళ్లకు వందలాది యజమానులు. ఒక్కొక్కరితో వేరువేరు బేరం, వేరువేరు పత్రాలు. ఖాళీ చేయడానికి ఒప్పుకోనివారు, ఇతర సమాజాలకు చెందిన అద్దెదారులు, దుకాణదారులు - ప్రతివారి అంగీకారం విడివిడిగా సంపాదించవలసి వచ్చింది. ఇంతలో 2017 ఆగస్టు 31న పాక్‌మోడియా స్ట్రీట్‌లోని హుసైనీ బిల్డింగు కూలి 33 మంది మరణించారు. అది ఈ పథకంలో చేరిన ఇల్లే. శిథిలమైనదని అధికారులు ముందే గుర్తించినదే. కొన్ని కుటుంబాలు అంతకు ముందే తాత్కాలిక వసతికి వెళ్లిపోయినవి. కొందరు నివాసులు, పనివారు అక్కడే ఉండిపోయారు.

ఈ దుర్ఘటన తరువాత ఒకరి మీద ఒకరు నింద వేసుకున్నారు. వెళ్లమన్నా వెళ్లలేదని కొందరు, వెళ్లేలా చేయవలసిన బాధ్యత ఎవరిదని కొందరు. చరిత్ర దృష్ట్యా చూస్తే, ఖాళీ చేయడానికి వెనుకాడే అలవాటు మూఢత్వం కాదు. బొంబాయిలో తాత్కాలిక వసతి గృహాలలోకి వెళ్లి ఇరవై, ముప్పై ఏండ్లు తిరిగి రాలేకపోయిన కుటుంబాలు అనేకం ఉన్నవి. గది వదిలితే హక్కు పోతుందన్న పాఠం 1898 నుండి తరతరాలుగా నేర్చినది. ఆ భయాన్ని తీర్చే పూచీ లేనంతవరకు, పగిలిన గోడ కన్న ఖాళీ చేయమన్న కాగితమే వారికి ఎక్కువ ప్రమాదంగా కనిపిస్తుంది. ఆ లెక్క తప్పినప్పుడు మూల్యం ప్రాణాలతో చెల్లింది.

హైదరాబాదుకు వర్తించే పాఠం

ఈ చరిత్ర బొంబాయితో ముగియదు. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తరువాత, 1912లో హైదరాబాదులో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కూడా రోడ్ల విస్తరణ, ఇరుకు ఇళ్ల తొలగింపు, కొత్త ఇళ్ల నిర్మాణం తన పనులుగా పెట్టుకున్నది. నూరేండ్ల పిమ్మట, 2024లో మూసీ తీర అభివృద్ధి పథకం కింద నదీగర్భంలోని ఇళ్ల తొలగింపు మొదలైనప్పుడు, బస్తీవాసులలో కొందరు ప్రభుత్వం చూపిన రెండు పడకగదుల ఇళ్లకు వెళ్లారు. కొందరు నిరాకరించి న్యాయస్థానానికి వెళ్లారు. కామాఠీపురలో కూడా మ్హాడా ఆధ్వర్యాన సమూహ పునర్నిర్మాణ ప్రయత్నం సాగుతున్నది. తెలుగు కూలీలు నెలకొల్పిన ఆ పేటలో ఎవరు యజమాని, ఎవరు అద్దెదారు, ఎవరు లెక్కలోకి రారు అన్న ప్రశ్నలు మళ్లీ వస్తున్నవి.

మక్కా, మదీనా ఉదంతాల నుండి ధర్మశాస్త్రం రెండు నియమాలు గ్రహించింది: వెల ముందు, కూల్చివేత తరువాత, పాలకుడు కూడా తీర్పుకు లోబడాలి. బొంబాయి అనుభవం వీటికి మూడవదాన్ని చేర్చుతున్నది. అద్దెదారుకు వెల అంటే సొమ్ము కాదు, తిరిగి వచ్చే చోటు, అంతవరకు తలదాచుకునే చోటు. అందుచేత ఆ రెండు చోట్లూ కాగితం మీద కాక కంటి ముందు చూపించిన తరువాతనే ఖాళీ చేయమని అడగడం న్యాయం. యజమానికి మజల్లా ఇచ్చిన రక్షణను అద్దెదారుకు కూడా విస్తరింపజేయడమే దీని అర్థం. ఇది ధర్మశాస్త్రానికి పరాయి ఆలోచన కాదు; ఖులువ్ హక్కును అంగీకరించిన పండితులు ఆ దిశలో మొదటి అడుగు నాలుగున్నర శతాబ్దాల క్రితమే వేసి ఉన్నారు. పునర్నిర్మాణ పథకాలు రచించేవారు, వాటిని సమర్థించే జమాతు పెద్దలు, వ్యతిరేకించే పొరుగువారు కూడా ముందుగా తేల్చుకోవలసిన విషయం ఇదే.